ఉప్పు గాలిలో పూల కుండీలు

నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో సముద్రపు ఒడ్డున ఉన్న కృష్ణపట్నం, దాని చుట్టుపట్ల గ్రామాలలో ఏ వీధికి వెళ్ళినా ఇండ్ల ముందర కుండీలు కనబడతాయి. కొన్నవి కొన్ని, తక్కినవి పాత బకెట్లు, పెయింటు డబ్బాలు, పగిలిన బిందెలు. వాటిలో మనీ ప్లాంటు, గులాబి, క్రోటన్, మందార, కరివేపాకు. దగ్గరకు పోయి చూస్తే చాలా మొక్కలకు ఆకుల కొనలు మాడి ఉంటాయి. అంచులు గోధుమ రంగుకు తిరిగి, ముట్టుకుంటే పెళుసుగా విరుగుతాయి. మట్టి మీద తెల్లని పొర పేరుకొని ఉంటుంది. "రోజూ రెండు పూటలా నీళ్ళు పోస్తూనే ఉన్నాను గదమ్మా, మా ఇంట్లో ఏదీ బ్రతకదు, నా చేతివాసి అంతే" అని ఆ ఇల్లాలు నిట్టూర్చడం మనం వింటూనే ఉంటాము.

చేతివాసిని నిందించుకొనే ముందు ఆ తెల్లని పొరను గోటితో గీకి చూడండి. అది ఉప్పు. మన తీరపు ఇండ్లలో మొక్కలు నశించడానికి మొదటి కారణం అదే. దూరప్రాంతాల వారు వ్రాసిన పుస్తకాలలో ఇంటి మొక్కలను గూర్చి ఎన్నో సలహాలు ఉంటాయి గాని, వాటిని వ్రాసినవారి ఇంట్లో కుళాయి త్రిప్పితే మంచినీళ్ళు వస్తాయి. మన సంగతి వేరు.

ఒక చిన్న లెక్క చూద్దాము. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. తీరంలో ఉప్పు తేలిన బోరు నీటిలో లీటరుకు 2 గ్రాములు ఉన్నాయనుకొనండి. నాలుకకు ఉప్పన తెలుస్తుంది గాని, బట్టలు ఉతకడానికి, గిన్నెలు తోమడానికి వాడుకుంటాము. ఆ నీటిని రోజుకు అర లీటరు చొప్పున ఒక కుండీలో పోస్తే, దినానికి 1 గ్రాము ఉప్పు ఆ మట్టిలో చేరుతుంది. నీరు ఆవిరిగా పోతుంది, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. నెలకు 30 గ్రాములు, అంటే ఐదు టీ చెంచాల ఉప్పు. ఏ తల్లీ తన చేతితో మొక్క మొదట్లో నెలకు ఐదు చెంచాల ఉప్పు వేయదు. కాని తెలియకుండా జరుగుతున్నది అదే.

నేలలో పెరిగే చెట్టుకు ఈ బాధ కొంత తక్కువ. వాన కురిస్తే ఉప్పు లోతుకు దిగిపోతుంది, వేరు ప్రక్కకు ప్రాకి మంచి చోటు వెదకుకుంటుంది. కుండీలోని మొక్కకు ఆ స్వేచ్ఛ లేదు. దానికి ఉన్న లోకమంతా ఆ పది అంగుళాల మట్టే.

మట్టిలో ఉప్పు పెరిగితే తడి ఉన్నా వేరు ఆ నీటిని లాగుకొనలేదు. చేపకు ఉప్పు పట్టిస్తే దానిలోని నీరు బయటకు ఊరుతుంది గదా, అటువంటి పనే ఇక్కడా జరుగుతుంది. మొక్క వాడిపోతుంది. దప్పిక గొన్నదని తలచి మనం ఇంకొక చెంబు అదే ఉప్పు నీరు పోస్తాము. మరింత వాడుతుంది. బలం చాలలేదేమోనని చిటికెడు యూరియా వేస్తాము. ఎరువులు కూడా ఒక రకమైన లవణాలే గనుక ఉన్న బాధకు ఇంకొంత తోడవుతుంది. ఈ విధంగా ఎక్కువ శ్రద్ధ చూపిన ఇంట్లోనే మొక్క త్వరగా చనిపోతుంది. మట్టి తడిగా ఉండి కూడా మొక్క వాడిందంటే నీళ్ళు పోయడం ఆపి, ఉప్పును అనుమానించండి. అడుగున నీరు నిలిచి వేరు కుళ్ళినా ఇదే విధంగా వాడుతుంది గనుక, కుండీ రంధ్రం మూసుకొనిపోయిందేమో కూడా చూడాలి.

మీ నీటిలో ఉప్పెంతో తెలుసుకొనడం ఇప్పుడు కష్టమేమీ కాదు. ఆర్.ఓ. మిషన్లు బాగుచేసే కుర్రవాళ్ళ దగ్గర పెన్ను వంటి టి.డి.ఎస్. మీటరు ఉంటుంది. ఒక గ్లాసు నీళ్ళలో ముంచితే అంకె చూపిస్తుంది. మన దేశపు త్రాగునీటి ప్రమాణం ప్రకారం అది లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండడం మంచిది. వేరే నీరు దొరకని చోట 2000 వరకు అనుమతిస్తారు. కుండీ మొక్కలకు కూడా ఇంచుమించు ఇదే కొలతగా పెట్టుకొనవచ్చు. 500 లోపు నిశ్చింత. 2000 దాటితే గట్టి మొక్కలు తప్ప తక్కినవి నిలవవు.

ఈ ప్రాంతపు నీటికి ఈ ఉప్పదనం ఎక్కడినుండి వచ్చిందన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. సముద్రం ప్రక్కనే ఉన్నది. కండలేరు కడలిలో కలిసే ఉప్పుటేరు గుండా పోటు వేళ ఉప్పు నీరు లోపలికి ఎక్కుతుంది. ఒడ్డున బోర్లు లోతుగా తోడుకొనే కొద్దీ సముద్రపు నీరు భూమి లోపల మెల్లగా జరిగి వస్తుంది. 1990 దశకంలో ఈ ఉప్పుటేరు పొడుగునా రొయ్యల చెరువులు విరివిగా తవ్వారు. తీరప్రాంతాలలో రొయ్యల పెంపకం వలన భూములు, త్రాగునీరు ఉప్పుబారుతున్నాయన్న వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు పెద్ద తీర్పు ఇచ్చింది. ఆ చర్చ చాలా పెద్దది. మన అరుగు మీది కుండీకి అందులోనుండి పనికివచ్చే మాట ఒక్కటే: చెరువు అడుగు మట్టి నల్లగా, జిగటగా, ఎంత బలంగా కనబడినా రొయ్యల గుంటలోనిదైతే కుండీలో వేయకండి.

ఇక మంచినీరు. మన ఇండ్లలో నీళ్ళు ఒక్క రకం కావు. 20 లీటర్ల క్యానులో కొనే నీళ్ళు త్రాగడానికి, పంచాయతీ కుళాయి నీళ్ళు వంటకు, బోరు నీళ్ళు తక్కిన పనులకు. త్రాగే నీటికే డబ్బులిచ్చే ఇంట్లో మొక్కకు క్యాను నీళ్ళు పోయమని మేము చెప్పము. బిందె మోసే ఆడపిల్లకో కోడలికో మరొక రెండు బిందెల పని పెంచి అరుగు మీద పూలు పూయించడం కూడా మాకు నచ్చిన పని కాదు. ఇంట్లో మిగిలే మంచినీరెంతో చూచుకొని, దానికి తగినన్ని కుండీలే పెట్టుకొనాలి. ఇరవై కుండీలలో ఎండుమొక్కలకంటె నాలుగింటిలో పచ్చని ఆకులు మేలు.

మిగిలే నీరు ఎక్కడిదంటే, బియ్యం కడిగిన నీళ్ళు ఉన్నాయి. కూరగాయలు కడిగిన నీళ్ళు ఉన్నాయి. గొడ్డు ఉన్న ఇంట్లో అవి కుడితిలోకి పోతాయి, అది న్యాయమే. గొడ్డు లేని ఇంట్లో మొక్కకు పోయవచ్చు. ఏ.సి. మిషను నుండి కారే నీరు గాలిలోని తేమ చల్లబడి దిగినది గనుక దానిలో ఉప్పుండదు, మొక్కలకు చాలా మంచిది. మీ ఇంట్లో ఏ.సి. లేకపోయినా దుకాణాలు, బ్యాంకులు, ఆఫీసుల గోడల వెంట గొట్టాలలో ఆ నీరు ఊరకే కారిపోతుంటుంది. దాని క్రింద ఒక డబ్బా పెట్టించుకొనడానికి ఎవరూ కాదనరు.

పోయకూడని నీళ్ళు కూడా చెప్పాలి. ఆర్.ఓ. మిషను వదిలేసే నీటిని వృథా చేయడమెందుకని మొక్కలకు పోసేవారున్నారు. మిషను ఉప్పును మాయం చేయదు. సగం నీటినుండి తీసిన ఉప్పును మిగతా సగంలోకి నెడుతుంది. లీటరుకు 2 గ్రాములున్న నీరు లోపలికి పోతే, వదిలేసే నీటిలో ఇంచుమించు 4 గ్రాములు ఉంటాయి. గచ్చు కడగడానికి అది పనికివస్తుంది, కుండీకి పనికిరాదు. చేపలకు కల్లుప్పు రుద్ది కడిగిన నీళ్ళు, ఎండుచేపలు నానబెట్టిన నీళ్ళు, ఉప్పు వేసిన గంజి, బట్టల సబ్బు పొడి కలిసిన నీళ్ళు, ఇవేవీ వద్దు. సబ్బు పొడిలో కూడా సోడియం ఉంటుంది.

అన్నింటికంటె మంచిది వాన నీరు. మన జిల్లాకు సంవత్సరంలో కురిసే వానలో సగానికి పైగా ఈశాన్య ఋతుపవనాల వలన అక్టోబరు నుండి డిసెంబరు వరకు, స్వాతి, విశాఖ కార్తెల ముందు వెనుకల కురుస్తుంది. తక్కిన నెలలలో దానిని అంతగా నమ్ముకొనలేము. పంచ మీద 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు రేకులున్నాయనుకొనండి. 25 మిల్లీమీటర్ల వాన పడితే, అంటే ఇక్కడ నవంబరులో ఒక మాదిరి వాన, ఆ రేకుల మీదనుండి 230 లీటర్ల దాకా నీరు జారుతుంది. ఒక డ్రమ్ము నిండిపోతుంది. మొదటి జల్లును మాత్రం వదిలేయండి. నెలల తరబడి రేకుల మీద పేరుకొన్న దుమ్ము, సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు దానిలో కొట్టుకొనిపోతాయి.

200 లీటర్ల డ్రమ్ము ఎన్నాళ్ళు వస్తుందో చూడండి. ఐదు కుండీలు, ఒక్కొక్కదానికి రోజు విడిచి రోజు అర లీటరు. దినానికి సగటున లీటరుంపావు. డిసెంబరులో నింపి మూత పెడితే 160 రోజులు, అంటే ఇంచుమించు మే నెల దాకా రావాలి. ఎండలు ముదిరిన తరువాత రోజూ పోయవలసి వస్తుంది గనుక రెండు డ్రమ్ములుంటే రోహిణి కార్తె కూడా దాటవచ్చు. పాత డ్రమ్ము కొనేటప్పుడు దానిలో ఇంతకు ముందు ఏమి నిలువ చేశారో అడిగి తెలుసుకొనండి. పురుగు మందులది వద్దు.

డ్రమ్ము అన్నప్పుడు దోమల సంగతి చెప్పక తప్పదు. డెంగ్యూను వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురుగు కాలువలో కాక, మన ఇంటిలోని శుభ్రమైన నిలువ నీటిలోనే గ్రుడ్లు పెడుతుంది. కాళ్ళ మీద తెల్లని చారలుంటాయి, పగటిపూట కుడుతుంది. గ్రుడ్డు దోమగా మారడానికి వేడి దినాలలో ఒక వారం, పది రోజులు చాలు. డ్రమ్ము మూతి మీద పాత పంచె గుడ్డ కట్టి, దాని మీద మూత బిగించండి. కుండీ క్రింది పళ్ళెంలో నీరు నిలవనీయకండి. మనీ ప్లాంటును సీసా నీటిలో పెంచేవారు వారానికొకసారి ఆ నీరు పారబోసి, సీసా లోపలి గోడలను రుద్ది కడగాలి. ఆ దోమ గ్రుడ్లు నీటి అంచున గోడకు అంటుకొని, నీరు లేకపోయినా నెలల తరబడి బ్రతికి ఉంటాయి. వట్టిగా పారబోస్తే చాలదు, రుద్దాలి. మన రాష్ట్రంలో ఆరోగ్య శాఖవారు శుక్రవారాన్ని డ్రై డే అని పెట్టింది ఇందుకే. పసిపిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క పని చేయలేకపోతే సీసా మొక్కలు అసలే వద్దని మా అభిప్రాయం.

మంచినీరు చాలక కొంత ఉప్పు నీరే పోయవలసి వస్తే పోసే విధం మార్చుకొనండి. దినానికి రెండుసార్లు కొంచెం కొంచెంగా చిలకరిస్తే తడి పైపైనే ఆరిపోయి ఉప్పంతా మట్టిలోనే మిగులుతుంది. దానికి బదులు మట్టి వ్రేలికి పొడిగా తగిలినప్పుడు, అడుగు రంధ్రంనుండి నీరు కారేదాకా ఒక్కసారే నిండుగా పోయండి. పోసినదానిలో ఐదవ వంతైనా క్రిందికి కారితే, అది పాత ఉప్పును కొంత వెంట తీసుకొనిపోతుంది. ఆ కారిన నీటిని పళ్ళెంలో ఉంచితే మట్టి మళ్ళీ పీల్చుకుంటుంది, వెంటనే పారబోయాలి. వానాకాలంలో కుండీలను నాలుగు రోజులు చూరు క్రిందనుండి తీసి వానలో పెట్టండి. సంవత్సరమంతా చేరిన ఉప్పు కడిగినట్లు పోతుంది. వాన లేని దినాలలో కుండీ పట్టేంత నీటికి రెండింతలు మంచినీరు మెల్లగా పోసినా అదే ఫలితం. పైన పేరుకొన్న తెల్లపొరను మాత్రం అర అంగుళం మట్టితో సహా గీకి తీసివేసిన తరువాతనే పోయండి, లేకపోతే అది కరిగి లోపలికి దిగుతుంది.

ఇదంతా జరగాలంటే అడుగున రంధ్రం ఉండాలి. పెయింటు డబ్బాలకు చాలామంది రంధ్రం చేయరు. మేకుతో నాలుగైదు పొడిచి, లోపల పెంకు ముక్కలు పరిస్తే సరిపోతుంది.

మట్టికి ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, ఏటి ఇసుక సమపాళ్ళుగా కలిపితే చాలును. ఇసుక పెన్న ఇసుక కావాలి. గడప దాటితే సముద్రపు ఇసుక ఉన్నది గదా అని దానిని తేకూడదు. కొబ్బరి పొట్టు తేమను బాగా పట్టి ఉంచుతుంది గాని, దానిలో సహజంగానే కొంత ఉప్పుంటుంది, పీచు తీయడానికి ఉప్పుటేటి నీటిలో నానవేసినదైతే చెప్పనక్కరలేదు. రెండు మూడుసార్లు మంచినీటిలో కడిగి పిండి వాడండి.

గాలి మోసుకొని వచ్చే ఉప్పు ఇంకొక సంగతి. పగటిపూట సముద్రం మీదనుండి తూర్పు గాలి వీస్తుంది. దానితో వచ్చే సన్నని తుంపరలు ఆకుల మీద ఎండి ఉప్పుగా నిలుస్తాయి. కిటికీ ఊచలు తుప్పు పట్టేది దీనివల్లనే. కనుక లేత మొక్కలను ఇంటికి పడమటి వైపునో, గోడ చాటుననో ఉంచి, గట్టివాటిని తూర్పున వరుసగా పెడితే అవే తెరగా నిలుస్తాయి. వారానికొకసారి తడి గుడ్డతో ఆకులు తుడవండి, రెండు వైపులా.

ఆకులు తుడవడానికి కృష్ణపట్నంలో రెండవ కారణం కూడా ఉన్నది. 2008లో ఓడరేవు ప్రారంభమయ్యాక ఇక్కడ బొగ్గు దిగుమతి పెరిగింది. నేలటూరు దగ్గర శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్నాయి. బొగ్గు లారీలు తిరిగే దారుల వెంట ఆకుల మీద నల్లని ధూళి పడుతుంది. ధూళి కప్పిన ఆకుకు వెలుతురు సరిగా అందదు. ఆకు మీద ధూళి చూచిన పాఠకులు, ఇంట్లో మొక్కలు పెడితే గాలి శుభ్రపడుతుందా అని అడగవచ్చు. ఆ మాట 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వారు చేసిన పరీక్షలనుండి ప్రచారమైంది. ఆ పరీక్షలు మూసిన చిన్న పెట్టెలలో చేసినవి. 2019లో అంతవరకు వచ్చిన పరిశోధనలన్నీ తిరిగి లెక్కగట్టి చూచిన శాస్త్రజ్ఞులు, మామూలు ఇంటిలో కిటికీలగుండా గాలి మారినంత మేలు కలగాలంటే చదరపు మీటరుకు 10 నుండి 1000 మొక్కలు కావాలన్నారు. మనిషి నిలబడడానికి చోటుండదు! ఇంట్లో ఆయాసం ఉన్నవారుంటే డాక్టరుకు చూపించండి, పొయ్యి పొగ బయటకు పోయే దారి చూడండి. మొక్కను మొక్కగానే ప్రేమించవచ్చు.

ఏ మొక్క పెట్టాలన్నది అందరూ మొదట అడిగే ప్రశ్న. మా వరకు మొదటి స్థానం బిళ్ళగన్నేరుదే. దీనిని ఎవరూ డబ్బిచ్చి కొనరు, అందుకే చులకన. దీని పుట్టిల్లు మడగాస్కర్ ద్వీపం. ఉప్పు గాలినీ, ఇసుక నేలనూ, ఎండనూ తట్టుకొని సంవత్సరమంతా తెల్లగానో, గులాబి రంగులోనో పూస్తుంది. మేకలు కూడా ముట్టవు. నీరు ఎక్కువైతేనే దీనికి కష్టం, వేరు కుళ్ళుతుంది. ఈ చిన్న మొక్క ఆకులనుండి 1958లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రజ్ఞులు విన్‌బ్లాస్టిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. తరువాత దీనినుండే వచ్చిన విన్‌క్రిస్టిన్ అనే మందు చిన్నపిల్లల రక్త క్యాన్సరుకు ఇచ్చే చికిత్సలో ఈనాటికీ ముఖ్యమైనది. అయితే చక్కెర వ్యాధికి మంచిదని ఆ ఆకులు నమలడం ప్రమాదకరం. టన్నుల కొద్దీ ఆకులనుండి కొద్ది గ్రాముల మందు తీసి, కొలిచి, డాక్టర్లు కనిపెట్టి చూస్తూ ఇచ్చేది ఒకటి. పెరటిలో గుప్పెడు కోసుకొని నమిలేది మరొకటి.

కలబంద, స్నేక్ ప్లాంటు, కాగితపు పూల చెట్టు, ఎడారి గులాబి అని పిలిచే అడీనియం, ఇవి కూడా మన తీరానికి తగినవే. మందార మధ్యరకం, కొంత ఉప్పును ఓర్చుకుంటుంది. గులాబి అసలు ఓర్వదు, ఫెర్న్‌లు అంతకంటె సుకుమారం. నూరువరహాలకు సున్నపు నీరు పడదు, ఆకులు పసుపుబారతాయి. వీటిని పెంచాలని మనసుంటే వాన నీటి డ్రమ్మును వాటికే కేటాయించండి.

మనీ ప్లాంటును గూర్చి ఒక మాట. దొంగిలించి తెచ్చినదే బాగా పెరుగుతుందని ఒక నమ్మకం మన ఊళ్ళలో వ్యాపించి ఉన్నది. తాహితీ ప్రక్కనున్న మూరియా అనే చిన్న ద్వీపంనుండి బయలుదేరి లోకమంతా ప్రాకిన తీగ ఇది. ఒక్క కణుపు ఉన్న ముక్క ఎక్కడ పడినా వేరు పోస్తుంది, అడిగి తెచ్చినా సరే, అడగకుండా తెచ్చినా సరే. అడిగితే ఏ పొరుగు అక్కయ్యా కాదనదు. పనిలో పనిగా ఆమె ఎటువంటి నీరు పోస్తున్నదో కూడా అడిగి తెలుసుకొనవచ్చు. దీనికి ఇంటిలోపలి వెలుతురు చాలు, మిట్టమధ్యాహ్నపు ఎండ పడితే ఆకు మాడుతుంది.

క్రోటన్ దీనికి విరుద్ధం. మందిరాలలో వేదిక ముందు రంగురంగుల క్రోటన్ కుండీలు పెట్టడం మన సంఘాలలో వాడుక. వారం తిరిగేసరికి క్రింది ఆకులు రాలుతాయి, కొత్త ఆకులు వట్టి పచ్చగా వస్తాయి. ఆ రంగులు వెలుతురు వలన వచ్చేవి. తలుపులు మూసిన మందిరంలో ఆరు రోజులు చీకటిలో ఉంటే అవి నిలవవు. శనివారం సాయంత్రం లోపలికి తెచ్చి, ఆదివారం ఆరాధన ముగిశాక యౌవనస్థులు నలుగురు కలిసి బయటి వరండాలో పెడితే ఒక్క నెలలో తేడా తెలుస్తుంది. క్రిస్మస్ దినాలలో పెద్ద నేలపొట్టు తొట్టి ఉన్నచోట ఒక సరుగుడు మొక్కనే పెంచుకొనవచ్చు. ఏటేటా కొమ్మ నరికి తెచ్చే పని తప్పుతుంది, ఉప్పు గాలి దానిని ఏమీ చేయదు.

పిల్లలున్న ఇండ్లలో జాగ్రత్త పడవలసిన మొక్కలున్నాయి. గన్నేరు ఉప్పుకు జంకదు, నిండుగా పూస్తుంది. కాని వేరు, ఆకు, పువ్వు, గింజ అన్నీ విషమే, గుండె మీద పనిచేసే విషం. వెడల్పాటి మచ్చల ఆకుల డీఫెన్‌బాకియాను పసిబిడ్డ కొరికితే నోరు, నాలుక వాచి మంట పుడుతుంది. మనీ ప్లాంటు ఆకుదీ కొంతవరకు అదే గుణం. ఇవి అందని ఎత్తున ఉండాలి. ఆకులతో సొంత వైద్యం విషయంలో కూడా తొందర వద్దు. 2021 మే నెలలో కరోనా రెండవ విడత ఉధృతంగా ఉన్నప్పుడు, మూలికలతో చేసిన మందు కోసం వేలాది జనం కృష్ణపట్నానికి వచ్చిన సంగతి మనందరికీ తెలుసు. రాష్ట్ర ప్రభుత్వం పంపిణీని కొన్నాళ్ళు ఆపించి, పరిశీలన తరువాత నెలాఖరున కంటిలో వేసే చుక్కలు తప్ప తక్కినవి ఇవ్వవచ్చునన్నది. అయితే అవి కరోనాను నయం చేస్తాయనడానికి ఆధారం లేదని, డాక్టర్లు ఇచ్చే మందులు మానవద్దని కూడా చెప్పింది. కంటిలో ఏ ఆకు పసరూ పిండకండి.

మందారకు, క్రోటన్‌కు తెల్లని పిండినల్లి పడితే తడి గుడ్డతో తుడిచి, లీటరు నీటిలో టీ చెంచా వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట చల్లండి. వారానికొకసారి, మూడు వారాలు.

చివరకు తుఫాను. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫానుకు ముందు మన జిల్లా అంతటా కుండపోత వానలు కురిశాయి. అటువంటి హెచ్చరిక వినగానే ప్రహరీ మీది, మేడ అంచు మీది కుండీలు ముందుగా క్రిందికి దించాలి. ఈదురు గాలికి ఎగిరిపడిన కుండీ మనిషి తల పగలగొట్టగలదు. గాలి తగ్గాక మరునాడే వాన నీటితో ఆకులన్నీ కడగండి, ఆ గాలిలో వచ్చిన ఉప్పు ఆకు మీద రెండు రోజులుంటే మాడ్చివేస్తుంది. ఉప్పుటేరు పొంగి కుండీలు మునిగితే ఆ మట్టిని బాగుచేయాలని ప్రయత్నించవద్దు. మొక్క వేరును మంచినీటిలో ముంచి కడిగి కొత్త మట్టిలో నాటండి. అది బ్రతకదనిపిస్తే పచ్చగా ఉన్న కొమ్మల కొనలను జానెడు పొడవున కోసి, క్రింది ఆకులు తీసివేసి, తడి ఇసుకలో గుచ్చి నీడలో ఉంచండి. మనీ ప్లాంటు రెండు వారాలలో వేరు పోస్తుంది, క్రోటన్‌కు నెల పైనే పడుతుంది. బిళ్ళగన్నేరుకు అదీ అక్కరలేదు. దాని గింజలు ఇదివరకే అరుగు క్రింద ఎక్కడో రాలి ఉంటాయి.